ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు

కోడంబాకం, చెన్నై

చిరంజీవికి,

నీ కథ, దానితో పాటు పెట్టిన ఉత్తరం అందాయి. కథ రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు. ఎందుకో తర్వాత చెబుతాను.

"నాలో రాసే శక్తి అసలు ఉందా సార్? రోజూ పడుకునే ముందు నన్ను నేను అడుక్కుంటున్నాను, జవాబు రావడం లేదు" అన్నావు. రాదమ్మా. షోలింగనల్లూరు నుంచి ఆఫీసు బస్సులో ఊగుతూ ఇల్లు చేరి, రాత్రి పదకొండుకి లైటార్పి అడిగితే వచ్చేది నిద్ర, లేదంటే టెన్షన్. పైగా మనసుని అడిగితే అది మనకి నచ్చే మాటో, మనల్ని ఏడిపించే మాటో చెబుతుంది. రాసిన కాగితాన్ని అడుగు. దానికి మొహమాటం ఉండదు.

నా సంగతి చెబుతాను. ఎనభైల్లో నేనొక ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ట్రిప్లికేన్‌లో మాన్షన్ గది, అంటే బ్రహ్మచారులుండే లాడ్జిలో గదన్నమాట. పగలు ఊళ్లోవాళ్ల అచ్చుతప్పులు దిద్ది, రాత్రి సొంత కథలు రాసేవాణ్ణి. అప్పట్లో పత్రికకి కథ పంపితే, మన చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరొకటి లోపల పెట్టాలి. నచ్చకపోతే కథ అందులో తిరిగొస్తుంది. అలా నా చేతిరాతతో, నా పేరు మీద, నాకే కవర్లు వచ్చేవి. "మీకు మీరే ఉత్తరాలు రాసుకుంటారా సార్?" అని పోస్ట్‌మాన్ ఒకసారి తమిళంలో అడిగాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే తెలియక అడిగాడు.

పదకొండు కథలు తిరిగొచ్చాక ఒక ఆదివారం అన్నిటినీ నేల మీద పరిచాను. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న రంగు పెన్సిళ్లు రెండున్నాయి. నేను కళ్లారా చూసిందీ చెవులారా విన్నదీ అయితే వాక్యం కింద నీలం గీత. ఎక్కడో చదివి ఎత్తుకొచ్చిందైతే ఎర్ర గీత. మధ్యాహ్నం మెస్సుకి వెళ్లే వేళకి నేలంతా ఎర్రబడింది. వెన్నెల ఎరుపు, వాన ఎరుపు, ఆఖరికి సముద్రం కూడా ఎరుపే. పావుగంట నడిస్తే మెరీనా. అయినా సముద్రాన్ని ఎవరి పుస్తకంలోంచో తెచ్చుకున్నాను, చూడు! నీలం గీతలు పిడికెడు. అన్నీ ఒకే జాతివి. మెస్సు నడిపే ఆవిడ బాకీ అడిగిన తీరు, కండక్టరు చిల్లర లేదన్న తీరు, మా కంపోజిటరు టైపు పేరుస్తూ తలెత్తకుండా తన తమ్ముడి గురించి అన్న నాలుగు ముక్కలు. అవన్నీ ఎవరో ఎవరితోనో అన్న మాటలే.

నేను వర్ణనలో మొనగాణ్ణని ఆరేళ్లు అనుకుంటూ తిరిగాను. నాకున్నది కన్ను కాదు, చెవి.

సంతోషమేమీ కలగలేదు, సిగ్గేసింది. తర్వాతి కథ దాదాపు మొత్తం సంభాషణలతోనే రాశాను. అదీ తిరిగొచ్చింది. కాకపోతే ఈసారి కవరులో "ఇంకొకటి పంపండి" అని చిన్న చీటీ ఉంది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇంతేనేమో అనిపిస్తుంది. గురజాడ కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో మన ఊళ్లోనే వావిళ్లవారు వేశారు. రెండో కూర్పు 1909లో వచ్చింది. ఆ పన్నెండేళ్ల తర్వాత ఆయన దాన్ని పైపైన దిద్ది ఊరుకోలేదు, ఇంచుమించు కొత్త నాటకంలా తిరగరాశారు. ఈనాడు మనం తలుచుకునే మధురవాణి మొదటి కూర్పులోనూ ఉంది, కానీ ఇంత మనిషి కాదు. రెండోదాంట్లోనే పెరిగింది. తన చేతుల్లో ఉన్న మనిషే ఆయనకి పూర్తిగా కనబడటానికి అన్నేళ్లు పట్టింది. రెండు కూర్పులూ సంపాదించి పక్కపక్కన పెట్టుకుని చదువు. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో అడిగి చూడు. కథలెలా రాయాలో చెప్పే పుస్తకాల జోలికి మాత్రం ఇప్పుడే పోకు.

ఇక నీ కథ. కోప్పడకు, దానికీ గీతలు పెట్టాను. కోనసీమ, కొబ్బరితోట, రేవు, పడవవాడి పాట. నువ్వు గోదావరిని చూసింది విశాఖ పెళ్లికి వెళ్తూ రాజమండ్రి బ్రిడ్జి మీద, రైలు కిటికీలోంచి. నువ్వే రాశావు ఆ సంగతి. కాబట్టి మొత్తం ఎరుపే. "మా ఇంట్లో తెలుగులో తమిళం కలిసిపోయింది, అది రాస్తే నవ్వుతారు, అందుకే అసలైన తెలుగు ఊరు పెట్టాను" అన్నావు. ఇదే చెన్నైలో మీరుండే కొరుక్కుపేట ఏం పాపం చేసింది?

ఉత్తరం మూడో పేజీ చివర, చోటు చాలక నిలువుగా ఇరికించి రాసిన ముక్క గుర్తుందా? 2019 జూన్, చెరువులన్నీ అడుగంటిన రోజులు. మీ వీధిలో లారీ నీళ్ల కోసం బిందెల వరస. ఒకే ఇంటివాళ్లు ఆకుపచ్చదొకటి, నారింజరంగుదొకటి వేరువేరు చోట్ల పెట్టి రెండు వంతులు కొట్టేశారని నువ్వు కనిపెట్టావు. మీ అవ్వేమో గుమ్మంలో కూర్చుని, "మనం నెల్లూరు నుంచి ముందే వచ్చేస్తిమి, మన నీళ్లు మనెనకాల నిదానంగా వస్తా ఉండాయి" అంది. నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి కాలవలో మన చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీళ్ల మాటే కదా ఆవిడంటున్నది! 1983లో ఒప్పందమైతే నీళ్లు ఇటు చేరేసరికి 1996. ఈ లెక్కలు నేను పేపర్లో చదివి తెలుసుకున్నాను. ఆవిడకి లెక్కలతో పని లేకపోయింది. నువ్వు మాత్రం పక్కన "అవ్వ పిచ్చిమాటలు, పట్టించుకోకండి" అని బ్రాకెట్టు పెట్టావు.

నాలుగుసార్లు చదివింది ఆ ముక్క కోసమే.

ఒక్క ముక్క చూసి నీకిది ఉంది, అది లేదు అని తీర్పు చెప్పను. నాకు చెవి ఉందని నీకూ అదే ఉండాలని లేదు. ఆ రెండు రంగుల బిందెల్ని బట్టి చూస్తే, మనుషుల చిల్లర మోసాలు నీ కంటికి ఇట్టే చిక్కుతాయేమో అనిపిస్తోంది. ఆఫీసులో నువ్వు చేసేది టెస్టింగ్ పనేనన్నావుగా, తప్పులు పట్టడమేగా నీ ఉద్యోగం! నీ దగ్గర పాత నోటుపుస్తకాలు, పంపకుండా ఆపేసిన మెసేజ్‌లు, కొట్టేసిన పేరాలు ఉంటాయి. కనీసం ఆరు నెలల కిందటివి తీసి గీతలు పెట్టి చూడు. నిన్న రాసింది వద్దు, దాని మీద ఇంకా మోజు పోయుండదు. రోజూ కూడా వద్దు. నాటిన మొక్కని పొద్దున్నే పీకి వేరు చూస్తే అది బతకదు. గీతలు పెట్టిన పేజీలు ఫోటో తీసి ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకు.

ఇంకొక్క పని. 1996కి ముందు మీ ఇంటికి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవో, ఎవరు మోసేవారో అవ్వని అడుగు. ఆవిడ తెలుగుని దిద్దకు, తమిళం వస్తే తమిళమే రానీ, బ్రాకెట్లు పెట్టకు. వచ్చే నెలలోపు పంపు. మెయిల్లో వద్దు, కాగితం మీద, అక్షరాలు కాస్త పెద్దవిగా రాసి. నా కళ్లు మునుపటిలా లేవు. కవరులో స్టాంపులు పెట్టనక్కర్లేదు, ఈసారి నేను తిప్పి పంపను.

ఆశీస్సులతో,
మీ ప్రూఫ్ రీడరు సారు