కొట్టేసిన వాక్యం గురించి

చిరంజీవికి,

ఇంగ్లీషు రచయిత మెర్విన్ పీక్ నవల ‘టైటస్ గ్రోన్’ మీద నువ్వు రాసిన సమీక్ష అందింది. చేతిరాత ముచ్చటగా ఉంది. ‘వాతావరణ చిత్రణ అద్భుతం, అయితే ఏకబిగిన చదివించదు’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఏకబిగిన మింగవలసింది ఆముదం. ఆ మాటను మన సమీక్షల్లోకి ఎవరు తెచ్చారో గానీ, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ దానితోనే కొలుస్తున్నాం. 1946లో అచ్చయిన ఆ నవల ఎక్కడ మొదలవుతుంది? కోట పై అంతస్తులోని ఒక హాలులో. గోడ బయట మట్టి గుడిసెల్లో బతికే శిల్పులు ఏడాదంతా చెక్కి, రంగులద్ది తెచ్చిన కొయ్యబొమ్మల్లో మూడింటిని ఉంచి మిగతావన్నీ కాల్చేస్తారు. ఉంచిన మూడూ ఆ హాలుకు చేరతాయి. చూడడానికి ఎవరూ రారు. రాట్‌కాడ్ అనే కాపలాదారు రోజూ ఈకల కుంచెతో బొమ్మల మీది దుమ్ము దులుపుతాడు, నేల మీది దుమ్ము జోలికి మాత్రం పోడు. దీన్నంతా నువ్వు ‘వాతావరణం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ దుమ్ములోనే ఉందమ్మా కథ!

విసుగు పుట్టిందన్నావు. పుట్టవచ్చు, కవల అత్తలు మాట్లాడే చోట నాకూ పుట్టింది. ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ అంతటివాడు రాతప్రతి చూసి, మాటలు మరీ ఎక్కువయ్యాయని పీక్‌ను కడిగేశాడు. విసుగు పుట్టిందంటే చాలదు, ఏ పేజీలో, ఎవరు నోరు విప్పినప్పుడు పుట్టిందో చెప్పు.

నా మొదటి సమీక్ష చూసి ఒక వారపత్రిక సంపాదకుడు కొలత చెప్పాడు: రెండు పాళ్లు మెప్పు, ఒక పాలు విమర్శ, చివర్లో ‘ఆహ్వానించదగ్గ ప్రయత్నం’. విజయవాడ బస్టాండులో మోకాలి మీద కాగితం పెట్టుకుని తిరగరాశాను. నాకు నిద్ర పట్టనివ్వని పేజీ గురించి రాసుకున్న పేరా అందులో పోయింది. ముప్ఫై రూపాయలు మనియార్డరు వచ్చింది. ఆ పేరాలో ఏముందో ఇప్పటికీ గుర్తు చేసుకోబోతాను, రాదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత.

నీ మూడో పేజీలో, గ్రంథాలయం తగలబడే ఘట్టం దగ్గర ఒక వాక్యం రాసి కొట్టేశావు. కాగితం వెలుతురుకు పట్టి చదివాను. ‘తాతయ్య పోయాక ఆయన పుస్తకాలకు చెదలు పట్టిందని మేమే పెరట్లో తగలబెట్టాం, అగ్గిపెట్టె అందించింది నేనే.’ ఎందుకు కొట్టేశావు? సమీక్షలో ‘నేను’ అనకూడదని ఎవరైనా చెప్పారా? చెప్పే ఉంటారు, నాకూ చెప్పారు.

ఆ మంటలో తన పుస్తకాలు పోయాక కోట ప్రభువు సెపల్‌క్రేవ్‌కు మతి చలించి తాను గుడ్లగూబనని అనుకుంటాడు. దాని గురించి నీ ఎనిమిది పేజీల్లో ఒక్క ముక్క లేదు. అగ్గిపెట్టె అందించినదానివి, ఆ ప్రభువు గురించి నువ్వు కాక ఎవరు రాస్తారు? మళ్లీ రాసి పంపు, ఆ వాక్యంతో మొదలుపెట్టి.

ఆశీస్సులతో