వీడీసీ (గ్రామ అభివృద్ధి కమిటీ) జరిమానా కట్టకపోతే వెలి వేస్తామంటున్నారు. ఊరి కట్టుబాటు ముందా, నా హక్కు ముందా?

పొలం గట్టు తగాదాలో కమిటీ తీర్పు కాదని కోర్టుకు పోయినందుకు మీకు జరిమానా వేశారని అడిగారు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దిక్కు మా కాకకూ ఇదే అయింది. ఆయన కేసు వాపస్ తీసుకోనంటే డప్పు చాటింపు వేయించారు: ఆ ఇంటితో మాట్లాడితే రూ.5,000. కిరాణంలో ఉప్పు కూడా ఇయ్యలేదు. అది ఎట్లనో ఆర్మూర్ నుంచి తెచ్చుకున్నాం. అసలు దెబ్బ కల్లంలో పడింది. పసుపు తవ్వి కుప్ప పోసినాక, దాన్ని ఉడకబెట్టే బాయిలర్ ఆయన రానన్నాడు, కూలీలూ రాలేదు. ఉడకబెట్టని కొమ్ము ఎన్నాళ్లు ఆగుతది?

ఊరు వేరు, కమిటీ వేరు. చట్టం గుర్తించింది గ్రామ పంచాయతీని, గ్రామసభను. తీర్పు చెప్పి జరిమానా వేసే అధికారం వీడీసీకి ఏ చట్టమూ ఇయ్యలేదు. ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమని అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అన్నాడు. ఎందుకన్నాడో నాకు ఆ కల్లంలో అర్థమైంది.

అట్లని కమిటీ చేసిందంతా చెడ్డదనను. మా ఊరి బోరు, గుడి ప్రహరీ వాళ్ల పైసలతోనే అయినయి. ఆ పైసలు బెల్టుషాపు వేలంలో వచ్చినయి, అది వేరే ముచ్చట.

చాటింపును ఫోన్‌లో రికార్డు చేయండి. జరిమానా కట్టకండి, కడితే తప్పు ఒప్పుకున్నడని చెప్పుకుంటారు. ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి. మీరు ఎస్సీ, ఎస్టీలై, వెలివేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే 1989 అట్రాసిటీ చట్టం కింద సాంఘిక బహిష్కరణే నేరం. మిగతావాళ్లకు మహారాష్ట్ర 2016లో చేసుకున్నట్టు ప్రత్యేక చట్టం తెలంగాణలో లేదు, బెదిరింపు, బలవంతపు వసూలు సెక్షన్లే దిక్కు. వకీలు ఫీజు భయమైతే న్యాయసేవాధికార సంస్థ నంబర్ 15100కు ఫోన్ చేయండి.

మా దగ్గర కమిటీవాళ్లను తహసీల్దార్ ముందు బైండోవర్ చేసినాకనే, అంటే ఇకముందు గొడవ చేయబోమని పూచీకత్తు రాయించినాకనే, చాటింపు ఆగింది. కానీ పసుపు ఉడికింది అంతకుముందే. పక్క ఊరి బాయిలర్‌ను రాత్రిపూట పిలిపించినోళ్లు, ఒకప్పుడు అదే కమిటీకి జరిమానా కట్టిన ఇద్దరు రైతులు. అసుంటోళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. ఠాణాకు పోయే ముందు వాళ్ల ఇండ్లకు పోండి, ఫిర్యాదు మీద మీ పేరు కింద వాళ్ల సంతకాలు అడగండి.