టెక్ సందేహాలు: పోకెమాన్ జట్టులో ఆరూ కొట్టేవే అయితే కాచేది ఏది?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో పోకెమాన్ పోరాటాల గురించినవే ఎక్కువగా ఉండటంతో, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే జవాబులు ఇస్తున్నాను. దీన్ని పిల్లల కాలక్షేపంగా భావించేవారికి ఒక మాట. 1996లో జపాన్‌లో మొదలైన ఈ ఆటల్లో ఇప్పుడు వెయ్యికి పైగా పోకెమాన్‌లు, 18 టైప్‌లు (ఫైర్, వాటర్ లాంటి వర్గాలు) ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగు మూవ్‌లు (దాడులు, ఎత్తుగడలు), ఒక ఎబిలిటీ (సహజ సామర్థ్యం), ఒక ఐటెమ్ (వెంట ఉంచుకునే వస్తువు) ఎంచుకోవాలి కాబట్టి, ఆరింటితో జట్టు కట్టడం పెద్దవాళ్లకు కూడా చెమట పట్టించే లెక్కే.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. బ్రౌజర్‌లో పోకెమాన్ షోడౌన్ అనే సైట్‌లో ఓయూ (ఎక్కువమంది వాడే పోకెమాన్‌ల విభాగం) సింగిల్స్ (ఒక్కో వైపు ఒకటి చొప్పున తలపడే పద్ధతి) ఆడతాను. నా జట్టు చారిజార్డ్, డ్రాగొనైట్, గ్యారడోస్, గార్చాంప్, గెంగార్, గ్రెనింజా. మూవ్‌ల జాబితా జత చేశాను. అన్నీ బలమైనవే, టైప్‌లూ వేర్వేరు. అయినా ఆట సగానికి వచ్చేసరికి జట్టు కూలిపోతోంది. ఏది మార్చాలి? – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందుగా మీ జట్టులో సరిగ్గా ఉన్నదేమిటో చెబుతాను. డ్రాగొనైట్, గ్యారడోస్, గార్చాంప్ ఫిజికల్ దాడులు చేసేవి, మిగిలిన మూడూ స్పెషల్ దాడులు చేసేవి. ఈ రెండు రకాల దాడులనూ వేర్వేరు రక్షణ అంకెలు అడ్డుకుంటాయి. ఆరింటికీ స్పెషల్ దాడులే ఇచ్చి, వాటికి చెక్కుచెదరని బ్లిస్సీ ఒక్కటి ఎదురుగా నిలబడగానే దిక్కు తోచక కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఇబ్బంది మీకు లేదు. మీ లోపం కాపుదలలో ఉంది. టైప్‌లు వేర్వేరుగా ఉన్నంత మాత్రాన జట్టుకు సమతూకం రాదు. ప్రత్యర్థి వేయగల ప్రతి పెద్ద దెబ్బకూ ఎదురుగా, పెద్దగా నష్టపోకుండా బరిలోకి దిగగలిగేది మీ ఆరింటిలో ఒకటైనా ఉందా అన్నదే అసలు కొలత. ఆ కొలతతో చూస్తే మీది ఏడుగురూ రైడర్లే అయిన కబడ్డీ జట్టు.

ప్రత్యర్థి మొదటి టర్న్‌లోనే స్టెల్త్ రాక్, అంటే మీ వైపు రాళ్లు పరిచే మూవ్, వేశాడనుకోండి. అప్పటి నుంచి మీరు దించే ప్రతి పోకెమాన్‌కూ రాక్ టైప్‌కు అది ఎంత బలహీనమో అంత నష్టం జరుగుతుంది. మామూలుగా అది మొత్తం హెచ్‌పీ (ప్రాణశక్తి)లో ఎనిమిదో వంతు. రెండు రెట్ల బలహీనత ఉంటే నాలుగో వంతు, నాలుగు రెట్ల బలహీనత ఉంటే ఏకంగా సగం. ఫైర్, ఫ్లయింగ్ రెండూ అయిన చారిజార్డ్ దిగీ దిగగానే సగం ప్రాణం పోగొట్టుకుంటుంది కనుక దాన్ని వెనక్కి పిలిచి మళ్లీ దించే ముచ్చటే ఉండదు. డ్రాగొనైట్, గ్యారడోస్ దిగిన ప్రతిసారీ నాలుగో వంతు చొప్పున కోల్పోతాయి. అంటే ప్రత్యర్థి వేసిన ఒక్క మూవ్ మీ సగం జట్టును ఆట పొడవునా తినేస్తుంది. ఆ రాళ్లను తొలగించే ర్యాపిడ్ స్పిన్ గానీ, డీఫాగ్ గానీ మీరు పంపిన జాబితాలో ఎక్కడా కనిపించలేదు. ఆట సగంలో కూలిపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఎలక్ట్రిక్ దాడులు. చారిజార్డ్, గ్రెనింజాలకు అవి రెండు రెట్లు, గ్యారడోస్‌కు నాలుగు రెట్లు తగులుతాయి. వాటిని ఏ నష్టమూ లేకుండా ఆపగలిగేది గ్రౌండ్ టైప్ అయిన గార్చాంప్ ఒక్కటే. దానికి ఐస్ దాడి నాలుగు రెట్లు తగులుతుందన్నది ఈ ఆట ఆడే ప్రతివారికీ తెలిసిన విషయమే కాబట్టి, తెలివైన ప్రత్యర్థి మొదట దాన్ని తీసేసి, ఆ తర్వాత తీరిగ్గా మెరుపులు కురిపిస్తాడు. పైగా మీ దగ్గర స్టీల్ టైప్ ఒక్కటి కూడా లేదు. ఐస్, ఫెయిరీ, డ్రాగన్, రాక్ దాడులన్నింటినీ సగానికి తగ్గించే టైప్ అది.

ఇక జట్టును ఎలా కట్టాలి? ఆరు ఇష్టమైన పేర్లు రాసుకుని మొదలుపెట్టే పద్ధతిని వదిలేసి, చివర్లో ఆటను గెలిపించేది ఏదో ముందు తేల్చుకోండి. మీ ఆరింటిలో ఆ పనికి తగినది డ్రాగొనైట్. డ్రాగన్ డ్యాన్స్ ఒక్కసారి చేస్తే దాని అటాక్, స్పీడ్ రెండూ ఒక్కో మెట్టు పెరుగుతాయి. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ఉంటే వేగంతో నిమిత్తం లేకుండా దాదాపు ఎవరికన్నా ముందే కొట్టవచ్చు. హెచ్‌పీ నిండుగా ఉన్నంతవరకు మల్టీస్కేల్ ఎబిలిటీ దానికి తగిలే దెబ్బను సగం చేస్తుంది. స్టెల్త్ రాక్ తగిలితే ఆ నిండుదనం పోతుంది కాబట్టి, హెవీ డ్యూటీ బూట్స్ తప్ప మరో ఐటెమ్ గురించి ఆలోచించకండి. అవి ఉంటే కింద పరిచిన రాళ్లేవీ దానికి అంటవు.

ఇప్పుడు డ్రాగొనైట్‌ను ఆపేవి ఏవో చూడండి: ఐస్, ఫెయిరీ, డ్రాగన్, రాక్. ఫైర్, స్టీల్ రెండూ అయిన హీట్రాన్ ఐస్, ఫెయిరీ దెబ్బలను నాలుగో వంతుకు, డ్రాగన్ దెబ్బను సగానికి తగ్గించుకుంటుంది. దాని బలహీనతలు మూడే, గ్రౌండ్, వాటర్, ఫైటింగ్. వీటిలో నాలుగు రెట్లు తగిలే గ్రౌండ్ డ్రాగొనైట్‌కు అసలే తగలదు, మిగిలిన రెండూ సగమే తగులుతాయి. ఒకదాని గాయానికి మరొకటి కట్టుగా ఉండే ఇలాంటి జంటే జట్టుకు వెన్నెముక. చారిజార్డ్ స్థానాన్ని హీట్రాన్‌కు ఇవ్వండి.

గ్యారడోస్ స్థానంలో రోటమ్-వాష్‌ను పెట్టండి. ఎలక్ట్రిక్, వాటర్ టైప్‌లు, పైగా లెవిటేట్ ఎబిలిటీ ఉండటంతో గ్రౌండ్ కూడా తగలదు కాబట్టి దానికి మిగిలే బలహీనత గ్రాస్ ఒక్కటే. ఆ గ్రాస్‌ను డ్రాగొనైట్, హీట్రాన్ రెండూ నాలుగో వంతుకు దించుకుంటాయి. ఇంకో లాభం, అది వోల్ట్ స్విచ్‌తో కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ప్రత్యర్థి కన్నా నెమ్మదిగా కదిలి దెబ్బ తాను తిన్న తర్వాత వెనక్కి వస్తే, ఆ స్థానంలోకి డ్రాగొనైట్ ఒక్క గీత కూడా పడకుండా దిగుతుంది. మల్టీస్కేల్ ఉన్నదానికి ఇంతకన్నా మంచి ప్రవేశం ఉండదు.

గార్చాంప్ మీద అభిమానం ఉంటే మనసు కష్టపెట్టుకోకండి గానీ, దాని స్థానంలో గ్రేట్ టస్క్ ఉంటే జట్టుకు ఎక్కువ లాభం. స్టెల్త్ రాక్ రెండూ వేయగలవు. ర్యాపిడ్ స్పిన్‌తో ప్రత్యర్థి రాళ్లను ఊడ్చేయడం మాత్రం గ్రేట్ టస్క్‌కే వచ్చు. ఎలక్ట్రిక్‌ను ఆపే పనీ అదే చూసుకుంటుంది. ఒక్క స్థానంతో మూడు పనులు జరిగినప్పుడు మిగతా స్థానాలకు వెసులుబాటు వస్తుంది.

గెంగార్, గ్రెనింజా రెండూ వేగమైనవి, రెండూ దెబ్బకు తట్టుకోలేనివి. ఒకదాన్ని మాత్రమే ఉంచుకొమ్మంటాను, నా ఓటు గ్రెనింజాకు. ఆరో స్థానాన్ని తాత్కాలికంగా గెంగార్‌తో నింపి కొన్ని ఆటలు ఆడండి. ఓడిన ప్రతిసారీ ఏ పోకెమాన్ మిమ్మల్ని చివరికంటా చీల్చుకుంటూ పోయిందో కాగితం మీద రాసుకోండి. షోడౌన్‌లో ఆట రీప్లేను దాచుకునే వీలుంది కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడనక్కరలేదు. జాబితాలో ఏ పేరు మళ్లీ మళ్లీ వస్తుందో ఆరో స్థానం దానికి విరుగుడుదే. అన్నట్టు, ఓయూలో ఏవి చెల్లుతాయో, ఆ నిబంధనలు పెట్టే స్మోగన్ వారు తరచూ మారుస్తుంటారు. షోడౌన్ జట్టును తిరస్కరిస్తే కంగారు పడకుండా కారణాన్ని చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి వయసు పదకొండు. స్విచ్‌లో పోకెమాన్ స్కార్లెట్ ఆడతాడు. యూట్యూబ్‌లో చూసిన ఒక సింగిల్స్ జట్టును అచ్చంగా అలాగే తయారు చేసుకుని, మా ఊళ్లో జరిగే టోర్నమెంట్‌లో చేరతానంటున్నాడు. ఆ జట్టు పనికొస్తుందా? – టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి

జవాబు: చాలావరకు పనికిరాదండీ. ఈ అధికారిక పోటీలు, అంటే వీజీసీ, డబుల్స్ పద్ధతిలో జరుగుతాయి. ఒక్కో వైపు రెండేసి పోకెమాన్‌లు బరిలో ఉంటాయి. ఆరింటితో వెళ్లినా, ప్రత్యర్థి ఆరింటిని చూసిన తర్వాత వాటిలో నాలుగింటినే ఎంచుకోవాలి. అన్నీ 50వ లెవెల్‌లో ఆడతాయి. ఒకే ఐటెమ్‌ను రెండింటికి ఇవ్వకూడదు. సింగిల్స్ జట్లలో బూట్స్ మూడింటికీ నాలుగింటికీ తొడగడం మామూలే కనుక, అబ్బాయి జట్టు మొదట ఇక్కడే నిబంధనకు తప్పుతుందేమో చూడండి.

ఆట తీరు కూడా మారిపోతుంది. నాలుగు పోకెమాన్‌ల ఆట త్వరగా ముగుస్తుంది కాబట్టి, పైన అంతగా చెప్పిన స్టెల్త్ రాక్‌కు ఇక్కడ పెద్ద విలువ లేదు. ఎర్త్‌క్వేక్ లాంటి మూవ్ ప్రత్యర్థులతో పాటు పక్కనున్న సొంత పోకెమాన్‌ను కూడా కొడుతుంది; ఒకటికి మించి తగిలే మూవ్‌ల బలం 75 శాతానికి తగ్గుతుంది. ఇక్కడ సమతూకమంటే ముఖ్యంగా వేగాన్ని ఎవరు శాసిస్తారన్నది. టెయిల్‌విండ్ వేస్తే నాలుగు టర్న్‌ల పాటు మన వైపు స్పీడ్ రెట్టింపు అవుతుంది. ట్రిక్ రూమ్ వేస్తే ఐదు టర్న్‌ల పాటు నెమ్మదైనవే ముందు కదులుతాయి. రెండింటినీ ఒకే జట్టులో పెట్టవచ్చు గానీ పదకొండేళ్ల పిల్లవాడికి నేను సలహా ఇవ్వను. ఒకదాన్ని ఎంచుకుని, ప్రత్యర్థి రెండోదాన్ని వేయకుండా ఆపే మార్గం ఉంచుకుంటే చాలు.

ఆ ఆపే పనికి ఇన్సినరోర్ పెట్టింది పేరు. దిగగానే ఇంటిమిడేట్‌తో ఎదుటి రెండింటి అటాక్‌నూ ఒక మెట్టు తగ్గిస్తుంది. దిగిన టర్న్‌లో ఫేక్ అవుట్‌తో ఒకదాన్ని కదలనివ్వదు. అమూంగస్ రేజ్ పౌడర్‌తో దాడులను తన మీదికి లాక్కుంటుంది, స్పోర్‌తో నిద్రపుచ్చుతుంది. కాకపోతే గ్రాస్ టైప్‌ల మీద ఆ రెండూ పనిచేయవు. ఇవి రెండూ ఒక్క దెబ్బకు పడగొట్టేవి కావు. వీటి కొలువంతా పక్కనున్నదానికి ఒక టర్న్ సంపాదించిపెట్టడమే.

ఇందుకు అందరూ చెప్పుకునే ఉదాహరణ 2014 ప్రపంచ పోటీలది. వాషింగ్టన్ డీసీలో విజేతగా నిలిచిన దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ జట్టులో పచిరిసు అనే ఉడతలాంటి పోకెమాన్ ఉంది. దాన్ని అంతకుముందు ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆయన జట్టులో ప్రధాన దాడి గ్యారడోస్‌ది, దానికి ఎలక్ట్రిక్ దాడులు పెద్ద ప్రమాదం. పచిరిసు ఫాలో మీ వేసి ఆ దాడులను తన వైపు తిప్పుకునేది. వోల్ట్ అబ్జార్బ్ ఎబిలిటీ ఉండటంతో ఎలక్ట్రిక్ దాడి తగిలితే నష్టపోకపోగా హెచ్‌పీ పెరిగేది. దాని అంకెలు చిన్నవే, అయినా గ్యారడోస్ పక్కన సరిగ్గా అతికింది. గుంటూరు పాఠకుడు కూడా ఈ పేరా చదవాలి; గ్యారడోస్‌ను ఆయన జట్టు నుంచి తీసేయమన్నది దానికి అక్కడ ఇలాంటి తోడు లేకనే.

టోర్నమెంట్ ఏ ఆటలో, ఏ రెగ్యులేషన్ కింద జరుగుతుందో నిర్వాహకులను ముందే అడగండి. చెల్లుబాటయ్యే పోకెమాన్‌ల జాబితా కొన్ని నెలలకోసారి మారుతుంది. వయసును బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ విభాగాలు ఉంటాయి కాబట్టి అబ్బాయి మామూలుగా తన ఈడు వాళ్లతోనే తలపడతాడు. పెద్ద పోటీల్లో జట్టు పత్రాన్ని ప్రత్యర్థికి చూపిస్తారు. మూవ్‌లు, ఐటెమ్, ఎబిలిటీ, టెరా టైప్ (ఆట మధ్యలో మారగల టైప్) అందులో ఉంటాయి, ఈవీ పాయింట్లు (శిక్షణతో అటాక్, స్పీడ్ లాంటి అంకెలను పెంచేవి) ఉండవు. ఒక రహస్యం మీదనే ఆధారపడ్డ జట్టు అక్కడ తేలిపోతుంది.

ప్రశ్న: ఈవీ పాయింట్లు ఎప్పుడూ 252, 252, 4గానే పంచాలా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. మొత్తం 510, ఒక్కో స్టాట్‌కు (అటాక్, స్పీడ్ లాంటి అంకెకు) గరిష్ఠంగా 252 అన్నదే నిబంధన. 50వ లెవెల్‌లో, ఐవీ (పుట్టుకతో వచ్చే విలువ) గరిష్ఠంగా 31 ఉన్నప్పుడు, మొదటి 4 పాయింట్లకు స్టాట్ ఒకటి పెరుగుతుంది, ఆపై ప్రతి 8కి ఒకటి. కనుక 4, 12, 20, 28 ఇలా పోవాలి. మధ్య అంకెలు వృథా. ఉదాహరణకు స్పీడ్‌ను పెంచే స్వభావమైన జాలీ నేచర్‌తో 252 పెట్టిన గార్చాంప్ స్పీడ్ 169. బేస్ స్పీడ్ (జాతికి సహజంగా ఉన్న వేగం) 100 ఉన్నవి ఎంత పెంచినా 167 దాటవు. వాటిని దాటడమే మీకు కావలసినదైతే 244 పెట్టినా 168 వస్తుంది, మిగిలిన 8 పాయింట్లను రక్షణకు ఇచ్చుకోవచ్చు. అయితే ఎదుట 252 పెట్టిన గార్చాంప్ దిగితే అది మీకన్నా ముందు కదులుతుంది; ఆ ప్రమాదం మీకు సమ్మతమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. ట్రిక్ రూమ్ జట్టులో లెక్క తిరగబడుతుంది: స్పీడ్ తగ్గించే నేచర్, స్పీడ్ ఐవీ సున్నా ఉన్న అమూంగస్ 31 దగ్గర ఆగుతుంది, అక్కడ అదే కావాలి.

ప్రశ్న: పోకెమాన్ గోలో నా దగ్గర నూటికి నూరు శాతం ఐవీ ఉన్నవి చాలా ఉన్నాయి. గ్రేట్ లీగ్‌లో మాత్రం ఓడిపోతున్నాను. ఎందుకు? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: గ్రేట్ లీగ్‌లో సీపీ (పోకెమాన్ మొత్తం బలాన్ని చూపే అంకె) 1500 మించకూడదు. సీపీ లెక్కలో అటాక్‌కు ఉన్నంత బరువు డిఫెన్స్‌కు, హెచ్‌పీకి లేదు. అందువల్ల అటాక్ ఐవీ సున్నాకు, మిగిలిన రెండూ ఈ ఆటలో గరిష్ఠమైన 15కు దగ్గరగా ఉన్న పోకెమాన్‌ను 1500 లోపే ఇంకా పై లెవెల్‌కు పెంచుకోవచ్చు. మొత్తం మీద అదే ఎక్కువసేపు నిలబడుతుంది. నూరు శాతం వాటిని పరిమితి లేని మాస్టర్ లీగ్‌కు, రెయిడ్‌లకు దాచుకోండి. పూర్తిగా పెంచినా 1500 చేరనివాటికి మాత్రం నూరు శాతమే మేలు. ఇక్కడ జట్టు మూడే కాబట్టి మొదట దిగినదానికి దాన్ని ఓడించేది ఎదురుపడితే, దాని బదులు ఏది దిగాలో ఆట మొదలుకాక ముందే నిర్ణయించుకోండి. ఆ రెండోది తేలిగ్గా చిక్కనిదై ఉండాలి. ఆడేవాళ్లు సేఫ్ స్వాప్ అనేది దాన్నే. మూడోది ప్రత్యర్థి షీల్డ్‌లు (పెద్ద దాడిని అడ్డుకునే కవచాలు) అయిపోయాక ఆట ముగించేదై ఉండాలి.

ప్రశ్న: బ్రౌజర్ నెమ్మదించిందని డేటా అంతా క్లియర్ చేశాను. షోడౌన్‌లో కట్టుకున్న జట్లన్నీ మాయమయ్యాయి. తిరిగి వస్తాయా? – కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు ప్రత్యేకంగా అప్‌లోడ్ చేసి ఉండకపోతే రావు. షోడౌన్ జట్లను మామూలుగా మీ బ్రౌజర్‌లోనే దాస్తుంది. అకౌంట్‌తో లాగిన్ అయినంత మాత్రాన అవి సర్వర్‌కు చేరవు. ఒక ఆశ ఉంది: ఫోన్‌లో గానీ మరో కంప్యూటర్‌లో గానీ ఎప్పుడైనా ఆ జట్లను తెరిచి దాచి ఉంటే అక్కడ వెతకండి. రీప్లేలు దాచుకుని ఉంటే వాటిలో కనిపించిన పోకెమాన్‌లు, మూవ్‌ల ఆధారంగా తిరిగి కట్టుకోవచ్చు, ఈవీలు మాత్రం గుర్తు తెచ్చుకోవాల్సిందే. ఇకపై జట్టు సిద్ధం కాగానే టీమ్ బిల్డర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన పాఠ్యాన్ని కాపీ చేసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. అది మామూలు అక్షరాలే కాబట్టి ఎక్కడ అతికించినా ఇంపోర్ట్‌తో జట్టు యథాతథంగా వచ్చేస్తుంది.