క్రోమ్ డబుల్ క్లిక్ చేసినా తెరుచుకోవట్లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. ఏం చేయాలి?

విండోస్ 10 లాప్‌టాప్‌లో క్రోమ్ ఐకాన్ నొక్కితే క్షణం సేపు చక్రం తిరిగి ఆగిపోతోంది, విండో రావట్లేదు, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మార్పు లేదు అన్నారు. ఆ చివరి మాటే అసలు ఆధారం. కొత్తగా వేసినా అదే తంతు అంటే లోపం దాదాపుగా ప్రోగ్రామ్‌లో ఉండదు, ప్రోగ్రామ్ తీసేసినా కంప్యూటర్‌లో మిగిలిపోయేవాటిలో ఉంటుంది. కాబట్టి ఇంకోసారి అన్‌ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకండి. తీసేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తొలగించాలా అని ఒక పెట్టె కనిపిస్తుంది. దానికి టిక్ పెడితే బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు పోతాయి. సింక్ (వాటిని గూగుల్ ఖాతాలో కూడా దాచే సదుపాయం) పెట్టుకోనివాళ్లకు అవి తిరిగి రావు.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో క్రోమ్ పేరుతో ఉన్నవన్నీ ఎండ్ టాస్క్ చేయండి. ఒక ప్రొఫైల్‌ని, అంటే మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, సెట్టింగులు ఉండే ఫోల్డర్‌ని, ఒకేసారి ఒక్క క్రోమే వాడగలదు. పాతది వెనకాల బిగుసుకుపోయి ఉంటే, కొత్తగా తెరిచింది పనిని దానికి అప్పజెప్పి తాను తప్పుకోవాలని చూస్తుంది. విండో మాత్రం రాదు. మీకు కనబడే చక్రం ఇదే కావచ్చు. దీంతో తెరుచుకుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్లి, క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనిచ్చే స్విచ్ ఆపేయండి.

కింద చెప్పే ప్రతి పరీక్షకి ముందూ ఈ ఎండ్ టాస్క్ తప్పనిసరి. పాత ప్రాసెస్ (వెనకాల నడుస్తున్న క్రోమ్) బతికి ఉంటే షార్ట్‌కట్‌లో చేసిన మార్పు దానికి పట్టదు, ఉపాయం పనిచేయలేదని మీరు పొరబడతారు.

తర్వాత షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ చూడండి. విండోస్ పాత వెర్షన్‌లో నడిపినట్టు నడపమనే టిక్ ఉంటే తీసేయండి. ఆ టిక్ ఫైల్ ఉన్న చోటుని బట్టి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఉండిపోతుంది. అందుకే అదే చోట మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా వదలదు.

విండో వచ్చి అంతా తెల్లగానో నల్లగానో ఉంటే అనుమానం గ్రాఫిక్స్ మీద. అదే ప్రాపర్టీస్‌లో షార్ట్‌కట్ ట్యాబ్‌లో టార్గెట్ అనే గడి ఉంటుంది. అందులో చివరి కోట్ గుర్తు దాటాక ఒక ఖాళీ వదిలి రెండు హైఫన్లు, డిసేబుల్, ఒక హైఫన్, జీపీయూ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా (--disable-gpu) టైప్ చేయండి. కోట్ గుర్తు లోపల రాస్తే విండోస్ ఒప్పుకోదు, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తెరుచుకుంటే సెట్టింగ్స్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డిస్‌ప్లే డ్రైవర్ కొత్తది వేయండి. ఆ తర్వాత టార్గెట్‌లో చేర్చిన మాట తీసేయవచ్చు.

ఇవేవీ కాకపోతే ప్రొఫైల్ చెడిపోయినట్టే అనుకోండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, సీ డ్రైవ్ పూర్తిగా నిండిపోయినా ఇలా జరుగుతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, లోకల్‌యాప్‌డేటా అనే మాటకి ముందూ వెనకా పర్సెంట్ గుర్తు పెట్టి ఇంగ్లీషులో (%localappdata%) టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అక్కడ గూగుల్, అందులో క్రోమ్, అందులో యూజర్ డేటా. ముందు ఈ యూజర్ డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత లోపలున్న డిఫాల్ట్ అనే ఫోల్డర్ పేరు మాత్రం మార్చండి, డిలీట్ చేయకండి. క్రోమ్ కొత్త డిఫాల్ట్ తనే తయారుచేసుకుంటుంది.

యూజర్ డేటా మొత్తం పేరు మార్చేయమని చాలామంది చెబుతారు. పాస్‌వర్డులు కావాలంటే ఆ పని చేయవద్దు. డిఫాల్ట్ పక్కనే లోకల్ స్టేట్ అనే ఫైల్ ఉంటుంది. పాస్‌వర్డులకు వేసిన తాళం చెవి అందులో, మీ విండోస్ అకౌంట్‌కి ముడిపడి ఉంటుంది. అది మారితే పాత పాస్‌వర్డుల ఫైల్ చేతిలో ఉన్నా తెరుచుకోదు.

ఇప్పుడు క్రోమ్ తెరుచుకుంటే దాన్ని మూసి, మళ్లీ టాస్క్ మేనేజర్‌లో మిగిలినవి ఆపి, పాత ఫోల్డర్ నుంచి బుక్‌మార్క్స్, లాగిన్ డేటా అనే రెండు ఫైళ్లే కొత్తదాంట్లోకి కాపీ చేయండి. క్రోమ్ నడుస్తుండగా బుక్‌మార్క్స్ కాపీ చేస్తే అది మూసుకునేటప్పుడు మీ ఫైల్ మీద తన ఖాళీ జాబితా రాసేయగలదు. సెట్టింగులు ఉండే ప్రిఫరెన్సెస్ ఫైల్ మాత్రం తేవద్దు, జబ్బు దాంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఇదే ఇబ్బందితో వచ్చిన విండోస్ 7 వాళ్లకి ఒక మాట: దానికి క్రోమ్ 109 తోనే ఆఖరు, 110 నుంచి విండోస్ 10 కావాలి.

ఇంత చేసినా విండో రాకపోతే ఈవెంట్ వ్యూయర్ (విండోస్‌లో లోపాల చిట్టా చూపే ప్రోగ్రామ్) తెరిచి, విండోస్ లాగ్స్, అప్లికేషన్‌లో క్రోమ్ పేరున్న ఎర్ర గుర్తు ఎంట్రీ వెతకండి. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అనే వరుసలో ఏ ఫైల్ దగ్గర కూలిందో ఉంటుంది. అది యాంటీవైరస్‌దా, గ్రాఫిక్స్ డ్రైవర్‌దా అన్నది ఆ పేరును బట్టి తెలుస్తుంది. ఆ వరుస ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.