ముందు బ్లోయర్ చూడండి, తర్వాత బ్లీచింగ్ సంగతి

ప్రశ్న: మేడం, నమస్తే. మాది బెంగళూరు వర్తూరు దగ్గర 160 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మూడు వారాలుగా ఎస్టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు) నుంచి కుళ్లిన కోడిగుడ్ల కంపు. కింది అంతస్తుల వాళ్లం కిటికీలు తెరవలేకపోతున్నాం. బ్యాక్టీరియా ఎక్కువైందని, జబ్బులొస్తాయని అసోసియేషన్ వాళ్లు మురుగు వచ్చే గుంటలో రోజూ బ్లీచింగ్ పౌడర్ పోయిస్తున్నారు. ఇంకొకాయన బ్యాక్టీరియా పౌడర్ బస్తా కొందామంటున్నారు. చంపాలా, పెంచాలా? ఇంట్లో చిన్నపిల్లలు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మురుగులో బ్లీచింగ్ పోయడం ఇవాళే ఆపించండి. ఎస్టీపీలో అసలు పని చేసేది మోటార్లు కాదు, బ్యాక్టీరియా. మోటార్లు వాటికి ఊపిరి అందిస్తాయి, అంతే.

మనం పాలకి తోడు వేస్తాం కదా, అక్కడ జరిగేదీ అదే. ట్యాంకులో నీళ్లు తేరుకున్నాక అడుగున దిగిన బురదలో కొంత తీసి మళ్లీ ఏరేషన్ ట్యాంకులోకి, అంటే మురుగుకి గాలి పట్టించే ట్యాంకులోకి పంపుతారు. ఆ బురదే తోడు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ కిటుకు పట్టుకున్నారు. మురుగులోకి గాలి పంపారు. అడుగున చేరిన బురద పారబోయకుండా దాని మీదే కొత్త మురుగు పోస్తూ పోయారు. మొదట్లో వారాలు పట్టిన పని చివరికి ఒక్క రోజులో అయ్యింది.

ఈ బ్యాక్టీరియాకి గాలి కావాలి. అది అందకపోతే ఇవి నీరసించి, గాలి అక్కర్లేని ఇంకో రకం పెరుగుతాయి. నీళ్లలోని సల్ఫేట్‌తో బతికే ఆ రకమే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. మీ ముక్కుకి తగులుతున్నది అదే. కాబట్టి నా అనుమానమంతా ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ మీదే.

పాతికేళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. ఒక అపార్ట్‌మెంట్‌లో ఇలాగే పిలిస్తే వెళ్లాను. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు బ్లోయర్ ఆపేస్తున్నారు. ట్యాంకు తారులా నల్లగా ఉంది. ఆ నీళ్లు లీటరు సిలిండర్‌లో పట్టి అరగంట కదపకుండా పెట్టాను. బాగున్న ట్యాంకు నీళ్లయితే చాక్లెట్ రంగు బురద దూదిపింజల్లా ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు తేటపడతాయి. వాసన కూడా తొలకరి మట్టి వాసనే. అక్కడ మాత్రం అరగంటైనా మొత్తం మడ్డిగానే ఉండిపోయింది. బ్లోయర్ రాత్రీ పగలూ నడిపించాం. బాగా నడుస్తున్న పక్క ఎస్టీపీ నుంచి ఒక ట్యాంకర్ బురద తెప్పించాం, పక్కింటి నుంచి తోడు అరువు తెచ్చుకున్నట్టు. రెండు వారాలకి కంపు పోయింది. మీరు బస్తా కొనే ముందు ఆ సిలిండర్ పరీక్ష చేయించండి. గాలి అందకుండా ఏ పౌడర్ పోసినా డబ్బు దండగే. బాత్రూముల్లో యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకి డబ్బాలు గుమ్మరించవద్దని కూడా అందరికీ చెప్పండి. అదంతా చివరికి ఆ ట్యాంకులోకే చేరుతుంది.

జబ్బుల భయం నిజమైనదే. మురుగులో టైఫాయిడ్, కలరా క్రిములు ఉండొచ్చు. ట్యాంకు వాటిని చాలావరకు తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసెయ్యదు. అందుకే క్లోరిన్ చివర్లో, వడకట్టిన నీళ్లలో వెయ్యాలి. నాకు ఇంకో భయం ఉంది. శుద్ధి చేసిన నీళ్లు వచ్చే ఫ్లష్ పైపు ఎక్కడైనా మంచినీళ్ల పైపుతో కలిసిపోయిందేమో ప్లంబర్‌తో చూపించండి. కుళాయి నీళ్లు పరీక్షకి పంపండి. తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇంకొక్క మాట. ఈ కంపు ఉన్న ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకండి. గాఢంగా ఉంటే ఆ గ్యాస్ ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందనుకునేలోపు మనిషి కూలిపోతాడు. కాపాడబోయినవాడూ పోతాడు. సరైన రక్షణ లేకుండా మనిషిని ఇలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పనివాడు ఒప్పుకున్నాడని అసోసియేషన్ వాళ్లంటే, మీరు అడ్డుపడండి అమ్మా.

ప్రశ్న: మాది కోలారు జిల్లా, బెంగళూరులో ఉద్యోగం. కేసీ వ్యాలీ పథకంలో మా ఊరి చెరువుకి బెంగళూరు మురుగునీరు శుద్ధి చేసి పంపుతున్నారు. బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. అమ్మానాన్నలు ఆ బోరు నీళ్లే తాగుతున్నారు. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు

జవాబు: బోరు నిండటం కోలారు లాంటి చోట ఎంత ఊరటో నాకు తెలుసు బాబూ. అయితే 2018లో మొదలైన ఆ పథకంలో వచ్చేది రెండో దశ వరకే, అంటే పైన చెప్పిన బ్యాక్టీరియా ట్యాంకు దశ వరకే శుద్ధి చేసిన నీరు. మీ చెరువులో బ్యాక్టీరియా, ఎండ, మట్టి కలిసి ఇంకొంత శుభ్రం చేస్తాయి. నీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు క్రిములు చాలావరకు ఆగిపోతాయి కూడా. అమ్మోనియాని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది, అది మాత్రం మట్టికి చిక్కకుండా బోరుదాకా పోగలదు. కాచినా పోదు. అందుకే క్రిముల పరీక్షతో పాటు నైట్రేట్ పరీక్ష కూడా అడగండి. లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. అది తేలేదాకా అమ్మానాన్నల్ని వేరే నీళ్లు తాగమనండి. క్రిముల పరీక్షకి ల్యాబ్ వాళ్లిచ్చిన సీసాలోనే పట్టి, ఐస్ డబ్బాలో పెట్టి, అదే రోజు అందేలా పంపండి.