డ్రమ్ముల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఫోన్‌లో. రెండోసారి ఇంటికొచ్చి, భోజనం అయ్యాక, ఆ ఆల్బం పెట్టుకుని వింటూ చదివాను. అప్పుడు అనిపించింది, వాట్సాప్‌లో "బాగుంది, కొంచెం మార్చు" అని పంపేస్తే సరిపోదు, కూర్చుని ఉత్తరమే రాయాలని.

అమెరికన్ సోల్ గాయకుడు డియాంజెలో గురించి, అందులోనూ అతని రెండో ఆల్బం 'వూడూ' గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. సోల్ సంగీతం గురించి మన భాషలో రాసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పు. పైగా నీ వాక్యం బాగుంటుంది, చదివించే గుణం ఉంది. అందుకే దాచకుండా చెప్తున్నాను, ఈ వ్యాసం ఇలాగే వేస్తే నువ్వు ఇష్టపడే మనిషికి అన్యాయం చేసినవాడివవుతావు.

నీ వ్యాసం ఆ ఆల్బంలోని 'అన్‌టైటిల్డ్' పాట వీడియోతో మొదలైంది. నల్లటి తెర ముందు చొక్కా లేకుండా నిలబడి పాడుతున్న పాతికేళ్ళ మనిషి, మెల్లగా దగ్గరికొచ్చే కెమెరా. అక్కణ్ణించి టూరు, టూరు నుంచి తాగుడు, 2005లో కారు ప్రమాదం, ఆల్బంకీ ఆల్బంకీ మధ్య పద్నాలుగేళ్ళ విరామం, చివరికి 2025 అక్టోబరు 14న 51 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోవడం. అన్నీ జరిగినవే, తప్పుల్లేవు. కానీ అన్ని పేరాల్లో ఆ ఆల్బం ఎలా వినిపిస్తుందో చెప్పిన పేరా ఒక్కటే ఉంది, అందులోనూ "మత్తెక్కించే మాయా సంగీతం" అని తేల్చేశావు. ఆ ఆల్బం ఎప్పుడూ విననివాడు అది చదివితే వాడి చెవికి ఏం అందుతుంది? ఏమీ అందదు.

2000 నాటి ఆ టూరులో ఏం జరిగిందో నువ్వే రాశావు కదా. పాట నడుస్తుంటే ముందు వరసల్లోంచి చొక్కా విప్పమని కేకలు. వెనక అంతమంది గొప్ప వాద్యకారులు వాయిస్తున్నారు, ఏళ్ళ తరబడి పడిన శ్రమ అంతా అక్కడ వేదిక మీద ఉంది, కింద ఉన్నవాళ్ళు మాత్రం వీడియోలో చూసిన ఒంటి కోసం వచ్చారు. అది అతన్ని ఎంత కుంగదీసిందో ఆ ఆల్బంలో డ్రమ్ములు వాయించిన క్వెస్ట్‌లవ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఇంత బాధగా ఆ సంగతి రాసిన నువ్వు, నీ వ్యాసానికి కూడా ఆ ఒంటినే గుమ్మంలో నిలబెట్టావు. నీకు తెలియకుండానే జరిగిందని నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను.

వీడియో తీసెయ్యమనట్లేదు, తర్వాత రానివ్వు. డ్రమ్ముల దగ్గర మొదలుపెట్టు.

ఎందుకంటే అసలు కథ అక్కడుంది. 1995లో మొదటి ఆల్బం 'బ్రౌన్ షుగర్' వచ్చేటప్పటికి అతనికి 21 ఏళ్ళు. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, పెంతెకోస్తు పాస్టర్ గారి కొడుకుగా, చర్చిలో పియానో వాయిస్తూ పెరిగిన పిల్లాడు. ఆ ఆల్బం పది లక్షల పైన అమ్ముడుపోయింది. తర్వాత రెండేళ్ళు ఊళ్ళు తిరుగుతూ కచేరీలు, ఇంటికొచ్చాక పాట రాకపోవడం, మధ్యలో రికార్డు కంపెనీ మూతపడి వేరే కంపెనీకి మారడం. రెండో పుస్తకం ముందు మన రచయితలు పడే అవస్థ ఇలాంటిదే, మొదటిదాన్ని మెచ్చుకున్నవాళ్ళంతా బల్ల చుట్టూ నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. అతను అదే ఆల్బం ఇంకోసారి చేసి ఇచ్చుంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. చెయ్యలేదు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో, 1970లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తనకోసం కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలోకి వెళ్ళి, మళ్ళీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

నేర్చుకోవడం అని ఊరికే అనట్లేదు. పాత కచేరీల వీడియో క్యాసెట్లు, జేమ్స్ బ్రౌన్, ప్రిన్స్ లాంటివాళ్ళవి, పెట్టుకుని అతనూ, అతని వాద్యకారులూ గంటల తరబడి చూసేవాళ్ళు. ఆ తర్వాత వాద్యాలు తీసుకుని ఆ పాటలే వాయించేవాళ్ళు. అలా వాయిస్తూ వాయిస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట వీళ్ళ సొంత పాట పుట్టేది. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు. నాకైతే ఒక పేజీ కావాలి. ఆ గది వాతావరణం చూపించు. అదే స్టూడియోలో అదే రోజుల్లో గాయని ఎరికా బాడూ, ర్యాపర్ కామన్ కూడా తమ ఆల్బంలు చేసుకుంటున్నారు, వాద్యకారులు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ ఉండేవాళ్ళు. 'చికెన్ గ్రీజ్' అనే పాట మొదట కామన్ కోసం అనుకున్నది, డియాంజెలో అది విని ఉండబట్టలేక అడిగి తీసుకుని, బదులుగా తన దగ్గరున్న వేరే పాట ఇచ్చేశాడు. పక్కింటికెళ్ళి కూరగిన్నె మార్చుకున్నట్టు పాటలు మార్చుకున్నారు! ఇలాంటి ఒక్క సంగతి చెప్తే ఆ రోజులు ఎలా ఉండేవో పాఠకుడికి కళ్ళకి కడుతుంది, "సృజనాత్మక వాతావరణం" అనే మాట అక్కర్లేదు.

ఇక డ్రమ్ములు. ఫిలడెల్ఫియాకి చెందిన ద రూట్స్ బృందంలో వాయించే క్వెస్ట్‌లవ్‌కి గడియారంలా వాయిస్తాడని పేరు. దెబ్బ పడాల్సిన చోట వెంట్రుక వాసి తేడా లేకుండా పడుతుంది. డియాంజెలో అతన్ని సరిగ్గా అదే వదిలెయ్యమన్నాడు. తాగినవాడు వాయించినట్టు, కొంచెం వెనకపడుతూ, కొంచెం తూలుతూ ఉండాలన్నాడు. వాళ్ళిద్దరి మనసులో ఉన్నది హిప్‌హాప్ బీట్లు కట్టే డెట్రాయిట్ కుర్రాడు జె డిల్లా. అతను డ్రమ్ మెషీన్ మీద వేళ్ళతో కొట్టేవాడు. ఆ మెషీన్‌లో క్వాంటైజ్ అని ఒక సదుపాయం ఉంటుంది, నువ్వు కొట్టిన దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే దాన్ని దగ్గర్లో ఉన్న గడిలోకి లాగి సరిచేస్తుంది. డిల్లా కొన్ని దెబ్బల్ని సరిచెయ్యనిచ్చేవాడు కాదు, కొన్నిటిని కావాలనే జరిపి ఉంచేవాడు. మెషీన్ మీద చేసిన ఆ పనిని క్వెస్ట్‌లవ్ చేతులతో, కాళ్ళతో నేర్చుకోవాల్సి వచ్చింది. ఇది విన్న తోటి డ్రమ్మర్లు వీడికి వాయించడం రాదనుకుంటారేమో అని భయపడ్డానని అతనే చెప్పుకున్నాడు. ఏ పనికి పేరొచ్చిందో ఆ పనినే వదులుకోమంటే ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆలోచించు. నీ వ్యాసంలో గుండెకాయ ఇదే అవ్వాలని నాకనిపిస్తోంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట విను, ఏడు నిమిషాలుంటుంది. కుడిచేత్తో బల్ల మీద తాళం వేస్తూ ఉండు, ఎక్కడా ఆపకు. కాసేపటికి నీ వేలు ముందు పడుతుంది, పినో పల్లడీనో బేస్ గిటార్ దాని వెనకాల వచ్చి కూర్చుంటుంది. ఆలస్యమైందనిపిస్తుంది, కానీ ప్రతిసారీ అంతే ఆలస్యం. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మా అమ్మమ్మ ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచడం. ఒక రోకలి లేచేటప్పుడు రెండోది దిగుతుంది, రెండో ఆవిడ కాస్త నిదానం, ఆ నిదానం వల్లే చూస్తున్న మనకి కూడా ఒళ్ళు ఊగుతుంది. నువ్వు ఈ పోలికే వాడాలని కాదు, నీ చెవికి తోచింది వెతుక్కో. "తాళం తప్పినట్టు" అని మాత్రం రాయకు, తాళం ఎక్కడా తప్పలేదు. అలాగే సంగీతం తెలిసినవాడిలా కనిపించాలని అతీతం, అనాగతం లాంటి మాటలు తేకు. అవి ఎత్తుగడ ఎక్కడ పడుతుందన్న లెక్కకి సంబంధించినవి, ఇక్కడ జరుగుతున్నది వేరు. గ్రూవ్ అనే మాట అందరికీ తెలిసిందే, అదే వాడు.

గొంతు గురించి కూడా రాయలేదు నువ్వు. ఒకే మనిషి తన గొంతుని మళ్ళీ మళ్ళీ రికార్డ్ చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చర్చి క్వైర్ అంతా తనే అయి పాడాడు. దాంతో చాలాచోట్ల మాటలు అర్థం కావు. అప్పట్లో కొందరు సమీక్షకులు దీన్నే తప్పుపట్టారు, పాటలకి ఆకారం లేదన్నారు, 78 నిమిషాల పైచిలుకు సాగదీశాడన్నారు. వాళ్ళ మాటలు కూడా వెయ్యి. నాకు మాటలు తెలియకపోవడం ఇబ్బంది అనిపించలేదు, కానీ మధ్యలో ఇద్దరు ర్యాపర్లతో చేసిన ఒక పాట ఇప్పటికీ ఆ ఇంట్లో చుట్టంలాగే వినిపిస్తుంది. నీకు ఏది నచ్చలేదో నువ్వూ చెప్పు. అంతా అద్భుతమే అంటే పాఠకుడు నిన్ను నమ్మడం మానేస్తాడు.

జనం ఎలా అందుకున్నారన్న భాగంలో అంకెలు కుప్ప పోశావు. 2000 జనవరి 25న విడుదల, మొదటి వారంలోనే 3,20,000 కాపీలు అమ్ముడై బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం, 2001లో రెండు గ్రామీలు, 2020లో రోలింగ్ స్టోన్ 500 ఆల్బంల జాబితాలో 28వ స్థానం. రెండు ఉంచు, మిగతావి తీసెయ్. ఆ జాబితాలు గొప్పతనానికి రుజువు కావు, అవే పత్రికలు రేపు ఇంకో వరస వేస్తాయి. దానికి బదులు వాద్యకారుల సంగతి రాయి. ఇది వచ్చాక ఎంతమంది డ్రమ్మర్లు ఆ వెనకబాటుని సాధన చేస్తూ కూర్చున్నారో, ఒకప్పుడు తప్పు అనుకున్నది ఇప్పుడు నేర్పే పాఠం ఎలా అయిందో. ఆల్బం నిజంగా ఎక్కడికి చేరిందో అందులో తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఈ కథలో సగం పైగా క్వెస్ట్‌లవ్ నోటి నుంచి వచ్చిందే. అతను బాగా చెప్తాడు, అందుకే అందరం అతని మాటనే తిప్పి తిప్పి రాస్తున్నాం. డియాంజెలో ఇంటర్వ్యూలు ఇచ్చింది తక్కువ. కాబట్టి "క్వెస్ట్‌లవ్ చెప్పిన ప్రకారం" అని రాయడానికి మొహమాటపడకు. డియాంజెలో మనసులోకి దూరి "అతను ఆ రాత్రి కుమిలిపోయాడు" అని రాశావు చూడు, మూడో పేజీలో, అది కొట్టెయ్. ఆ రాత్రి నువ్వు లేవు, నేనూ లేను.

చావు గురించి ఏం చెయ్యాలని అడిగావు. ఒక్క వాక్యం చాలు, అది కూడా దాని స్థానంలో. 'వూడూ' వింటే చావు ముందే తెలిసినట్టు ఉంటుందని రాశావు, అది నిజం కాదు తమ్ముడూ. ఆ ఆల్బం చేస్తున్న రోజుల్లో అతనికి కొడుకు పుట్టాడు, ఆ బిడ్డ కోసం ఒక పాట కూడా ఉంది అందులో, చిట్టచివర. అక్కడున్నది బతుకు. 2014లో మూడో ఆల్బంతో తిరిగొచ్చినప్పుడు కూడా పక్కన పినో, క్వెస్ట్‌లవ్ ఉన్నారు. అది నీ వ్యాసంలో కనిపించనే లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నీ వయసులో నేనూ ఇదే చేశాను. మా కజిన్ అమెరికా నుంచి వస్తూ ఈ సీడీ తెచ్చాడు. ఒక చిన్న పత్రికకి సమీక్ష రాసి ఇచ్చాను, రెండు పేజీలూ అతని రూపం, ప్రిన్స్‌తో పోలికలు. ఎడిటర్ గారు దాన్ని తిప్పి పంపారు, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటే ప్రశ్న, "చప్పుడు ఎలా ఉంది?" నాకు జవాబు రాలేదు. ఆ సమీక్ష ఎప్పటికీ అచ్చవ్వలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇక ఆ వీడియో. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పనా? ఆ పాట ఎలా ముగుస్తుందో రాశాక పెట్టు. గాయకుడు, నిర్మాత రఫాయెల్ సాదిక్‌తో కలిసి కట్టిన పాట అది, ఏడు నిమిషాల పైన నడుస్తుంది, మెల్లగా రాజుకుంటూ రాజుకుంటూ పైకెళ్ళి, గొంతులన్నీ ఒక్కటైన చోట, మాట సగంలో ఉండగా తెగిపోతుంది. రీలు అయిపోయింది. వాళ్ళు రికార్డ్ చేస్తున్నది టేపు మీద. మళ్ళీ వాయించి అతుకు వెయ్యొచ్చు, మెల్లగా తగ్గించి ముగించొచ్చు. అలాగే వదిలేశారు. టీవీలో ఆ వీడియో చూసినవాళ్ళలో ఎంతమంది ఆ ముగింపు దాకా విన్నారంటావు?

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను, కొత్త ప్రతి పట్టుకుని రా. ఒకే జత హెడ్‌ఫోన్స్ ఉన్నాయి నా దగ్గర, నీవి తెచ్చుకో.

మీ అక్క