ఇంట్లో డీప్ ఫ్రీజర్ పెడితే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

200 లీటర్ల డీప్ ఫ్రీజర్ మామూలుగా రోజుకు యూనిట్ నుంచి యూనిట్‌న్నర దాకా తాగుతుంది. నెలకు 45 యూనిట్లు అనుకోండి. దాన్ని ఒక రేటుతో గుణిస్తే సరిపోదు, అసలు దెబ్బ స్లాబు దగ్గర, అంటే వాడిన యూనిట్లను బట్టి రేటు మారే మెట్టు దగ్గర పడుతుంది.

తెలంగాణ ఇళ్ల టారిఫ్ చూడండి. నెలకు 170 యూనిట్లు కాలే ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, మిగతా 70 యూనిట్లు 4.80 చొప్పున, మొత్తం 676 రూపాయలు. ఫ్రీజర్ వచ్చాక 215 అవుతాయి. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, పైన 15 యూనిట్లకు 7.70. బిల్లు సుమారు 1,135. అంటే ఆ 45 యూనిట్లకే 460 రూపాయలు! ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త, 200 దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి. అందుకే కొనేముందు పాత బిల్లులు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలవి తీసి చూడమని గట్టిగా చెబుతాను.

పైకి తెరిచే మూత మంచిదే, చల్లగాలి బరువు కాబట్టి కిందే ఉండిపోతుంది. కానీ మూత చుట్టూ ఉండే రబ్బరు వదులైతే లాభం లేదు. మూతకీ ఫ్రీజర్ అంచుకీ మధ్య పది రూపాయల నోటు పెట్టి, మూత మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గోడలకు మంచు వేలెడు మందం పేరుకోనివ్వకండి. ఎండ తగిలే బాల్కనీలో మాత్రం అస్సలు పెట్టొద్దు.